కిడ్నీ మార్పిడి: ఇంట్లోవాళ్లు ఇచ్చినదా, జీవన్‌దాన్‌లో (మరణించిన దాతల అవయవాలను కేటాయించే ప్రభుత్వ పథకం) వచ్చినదా?

అపోహ: రక్తసంబంధం ఉంటేనే కిడ్నీ అతుకుతుంది, భార్యాభర్తలది పనికిరాదు.

వాస్తవం: 1995లో వెలువడిన అమెరికా లెక్కలు చూడండి. మూడేళ్ల తర్వాత కూడా పనిచేస్తున్నవి: భార్య లేదా భర్త ఇచ్చిన కిడ్నీల్లో 85 శాతం, తల్లిదండ్రులవి 82, మరణించిన దాతలవి 70. ఒక్క మెలిక ఉంది. ఇదివరకు గర్భం దాల్చిన భార్యకు భర్త కిడ్నీ ఇస్తే అది 76 శాతమే. కడుపులో బిడ్డ ఉన్నప్పుడే భర్త కణాలకు ఎదురుతిరిగే యాంటీబాడీలు ఆమె రక్తంలో తయారై ఉండొచ్చు. అందుకే బ్లడ్ గ్రూపు కలిసిందని ఆగిపోకండి, క్రాస్ మ్యాచ్ (దాత కణాలకు ఎదురుతిరిగే యాంటీబాడీలు రక్తంలో ఉన్నాయేమో చూసే పరీక్ష) తప్పనిసరి. గర్భస్రావాలు, ఎక్కించుకున్న రక్తం, అన్నీ డాక్టరుకు చెప్పండి.

అపోహ: ఆపరేషన్ అయినా మూత్రం రాలేదు, కిడ్నీ పోయినట్టే.

వాస్తవం: వార్డు బయట కుటుంబాలు ఎక్కువగా కుంగిపోయేది ఇక్కడే. బతికున్న దాత కిడ్నీ పక్క థియేటర్ నుంచే వస్తుంది. రక్తనాళాలు కుట్టి క్లాంపులు తీయగానే పాలిపోయిన కిడ్నీ గులాబీ రంగుకు తిరుగుతుంది. చాలాసార్లు టేబుల్ మీదే మూత్రం చుక్కలు పడతాయి. బ్రెయిన్ డెడ్ అయినవారి కిడ్నీ పడే పాట్లు వేరు. మెదడు ఆగిపోయేటప్పుడు బీపీ ఎగసి పడిపోవడంతోనే అది దెబ్బతింటుంది. ఆపైన ఐసు పెట్టెలో గంటలు. విజయవాడలో తీస్తే తిరుపతికి సుమారు 400 కిలోమీటర్లు. అందుకే కొన్ని కిడ్నీలు వెంటనే మేలుకోవు, మొదటి వారంలో డయాలసిస్ కావాల్సి వస్తుంది. చాలావరకు కొద్ది వారాల్లో పని మొదలుపెడతాయి. ఈలోగా డాప్లర్ స్కాన్‌తో రక్తప్రసరణ చూస్తారు, ఆలస్యమైతే రిజెక్షన్ (ఒళ్లు కొత్త కిడ్నీని తిప్పికొట్టడం) ఉందేమోనని బయాప్సీ చేస్తారు, అంటే కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షిస్తారు. బయాప్సీ వద్దని మొండికేయకండి.

అపోహ: చనిపోయినవారి కిడ్నీకన్నా డయాలసిసే నయం.

వాస్తవం: కాదు. బతికున్న దాతది ఎక్కువ ఏళ్లు నిలిచే మాట నిజమే. కానీ డయాలసిస్ మీద ఏళ్లు గడిచేకొద్దీ మార్పిడి ఫలితం తగ్గుతుంది. ఇంట్లో దాత కుదరకపోతే మార్పిడి చేసే ఆసుపత్రి ద్వారా జీవన్‌దాన్‌లో వెంటనే పేరు రాయించండి. ఫోన్ రాత్రిళ్లు కూడా ఆన్‌లో ఉంచండి.

అపోహ: కిడ్నీ బాగా పట్టింది, ఇక మందులు తగ్గించుకోవచ్చు.

వాస్తవం: ఎవరిచ్చిన కిడ్నీ అయినా ఇక్కడే పాడవుతుంది. ఒళ్లు కిడ్నీని తిప్పికొట్టకుండా ఆపే మందు టాక్రోలిమస్ రోజుకు రెండుసార్లు వేసుకునే రకమైతే 12 గంటల తేడా తప్పకూడదు. రక్తంలో మందు ఎంత ఉందో చూసే లెవెల్ పరీక్ష రోజు రక్తం ఇచ్చాకే ఉదయం మాత్ర. ముందే వేసుకుంటే లెవెల్ ఎక్కువ చూపించి, డోసు తప్పుగా తగ్గిస్తారు. పంపరపనస తినొద్దు, మందు లెవెల్ పెరగొచ్చు. తిరుమల మొక్కుంటే మొదటి నెలల్లో క్యూ కాంప్లెక్స్ రద్దీలోకి వెళ్లకండి, మీ డాక్టరు సరేనన్నాకే కొండెక్కండి.