1916-డి డైమ్: వెండి అసలుదే, తేడా అంతా ఆ ఒక్క అక్షరంలోనే

పాత అమెరికన్ నాణేలు కొని అమ్మే పనిలో ఉన్నాను కాబట్టి, ఇక్కడ అమెరికాలో ఉంటున్న మనవాళ్లు వాట్సాప్‌లో ఫొటోలు పంపుతుంటారు, “అన్నా, 1916 మర్క్యురీ డైమ్ (పది సెంట్ల వెండి నాణెం) దొరికింది, లక్షలొస్తాయట కదా” అని. అంతా యూట్యూబ్ పుణ్యం. పంపేది మాత్రం ఎప్పుడూ ముందువైపు ఫొటోనే. చూడాల్సింది వెనకవైపు బాబూ.

అపోహ: 1916 అని ఉంటే చాలు, పంట పండినట్టే.

వాస్తవం: ఆ ఏడాది ఈ నాణేన్ని మూడు టంకశాలల్లో ముద్రించారు. ఫిలడెల్ఫియాలో 2 కోట్ల 20 లక్షలకు పైగా, శాన్‌ఫ్రాన్సిస్కోలో కోటీ 4 లక్షల 50 వేలు, డెన్వర్‌లో 2 లక్షల 64 వేలే. జనం పడి చచ్చేది ఈ డెన్వర్ నాణెం కోసం. వెనకవైపు కర్రల మోపు, దాంట్లో గొడ్డలి ఉంటాయి కదా, ఆ మోపు అడుగున ఎడమపక్క, ‘వన్’ అన్న మాట అయిపోయిన చోట చిన్న ‘డి’ ఉండాలి. అక్కడ ఏ అక్షరమూ లేకపోతే అది ఫిలడెల్ఫియాది, బాగా అరిగి ఉంటే దాని ధర దాదాపు వెండి ధరే.

డెన్వర్‌లో అంత తక్కువ ఎందుకంటే, కొత్త డైమ్ అక్టోబర్ చివర్లో బయటికొచ్చింది, నవంబర్‌లోనే టంకశాలల డైరెక్టర్ వాన్ ఎంగెల్కెన్ డెన్వర్ వాళ్లకి డైములు ఆపేసి పావు డాలర్లు మాత్రమే ముద్రించమని చెప్పాడు, పావు డాలర్లకి పెద్ద ఆర్డర్ వచ్చిపడింది మరి. అంతే, వెనక రహస్యమేమీ లేదు.

అపోహ: దాని మీద ఉన్నది మర్క్యురీ దేవుడు.

కాదు, స్వేచ్ఛాదేవత, ఆడమనిషి. శిల్పి అడాల్ఫ్ వైన్‌మన్ ఆమె టోపీకి రెక్కలు పెట్టాడు, జనం రోమన్ దేవుడనుకున్నారు, పేరు అలాగే ఉండిపోయింది.

అపోహ: తూకం సరిపోయింది, అయస్కాంతానికి అంటుకోలేదు, ఇండియా వెళ్లినప్పుడు కంసాలి కూడా వెండే అన్నాడు, కాబట్టి అసలుదే.

ఎక్కువమంది మునిగేది ఇక్కడే. ఈ నాణెం విషయంలో మోసం ఎక్కువగా వెండిలో ఉండదు. మోసగాడు ఎక్కువగా తీసుకునేది అసలైన ఫిలడెల్ఫియా డైమే, దానికి చిన్న ‘డి’ అతికిస్తాడు. 2.5 గ్రాముల తూకం, 90 శాతం వెండి, అన్నీ పక్కాగా ఉంటాయి, ఎందుకంటే ఆ నాణెం నిజంగానే 1916లో అమెరికా ప్రభుత్వం ముద్రించింది. మీరు చేసే పరీక్షలన్నీ పాసవుతుంది. గీటురాయి మీద గీయించారంటే మాత్రం ఉన్న విలువ కూడా పోతుంది.

కాబట్టి వెండిని వదిలేసి అక్షరాన్ని చూడండి. పదింతలు చూపించే భూతద్దం తీసుకుని, లైటు పక్కనుంచి పడేలా పెట్టి, నాణేన్ని మెల్లగా తిప్పండి. ‘డి’ అడుగున సన్నటి గీతలా అతుకు కనిపిస్తుందా, చుట్టూ గీకినట్టు గానీ రంగు మారినట్టు గానీ ఉందా? ఇంకో గుర్తు అరుగుదల. కర్రల మోపు నున్నగా అరిగిపోయి, ‘డి’ ఒక్కటే నిన్న చెక్కినట్టు నిగనిగలాడుతుంటే అది తర్వాత వచ్చిన చుట్టమే. అప్పట్లో డెన్వర్ వాళ్లు ఈ వెనకవైపుకి వాడినవి నాలుగు డైలే (నాణెం మీద బొమ్మ కొట్టే ఉక్కు అచ్చులు), కాబట్టి అసలు నాణేల్లో ఆ అక్షరం ఉండే చోట్లు కూడా నాలుగే. ఆ అసలు నాణేల ఫొటోలు దగ్గర పెట్టుకుని పోల్చుకోవాలి. నేనైతే వీటిల్లో దేనితోనూ కలవని నాణెం మీద ఇంక టైమ్ పెట్టను.

అపోహ: మెరిపిస్తే ధర పెరుగుతుంది.

విభూతితోనో పళ్లపొడితోనో పూజ సామాను తోమినట్టు తోమేసి తెస్తారు, తళతళా మెరుస్తుంటుంది, నాకేమో ఏడుపొస్తుంది. వందేళ్లకి పట్టిన ఆ నల్లటి పొరే సేకరించేవాళ్లకి కావాల్సింది. తోమిన గీతలు భూతద్దంలో వెంటనే తెలిసిపోతాయి, ధర పడిపోతుంది.

అపోహ: అరిగిపోయింది, పనికిరాదు.

మిగిలిన 1916-డి డైముల్లో చాలావరకు బాగా అరిగినవే, ఎందుకంటే అవి దశాబ్దాలు జేబుల్లో తిరిగాయి. ఏడాదికొకటి, టంకశాలకొకటి చొప్పున చిల్లర నాణేలు దాచుకోవడం 1930ల్లో చవక అట్ట ఆల్బమ్‌లు వచ్చాకే జోరందుకుంది, అప్పటికే ఇవి అరిగిపోయాయి. ఆ ఆల్బమ్‌లో చివరిదాకా ఖాళీగా మిగిలే గుంట ఇదే, అందుకే తల కూడా సరిగ్గా కనిపించని నాణేనికీ వందల డాలర్లు పలుకుతుంది. నిజానికి దీనికన్నా తక్కువ సంఖ్యలో ముద్రించినవి ఉన్నాయి, అదే 1916లో ముద్రించిన నిలబడ్డ స్వేచ్ఛాదేవత పావు డాలర్ 52 వేలే. కాకపోతే డైములు పోగేసేవాళ్లు చాలామంది, వాళ్లందరికీ ఇదొకటి కావాలి.

అపోహ: ప్లాస్టిక్ డబ్బాలో సీల్ చేసి ఉంటే టెన్షన్ లేదు.

నాణేలు పరీక్షించి నంబర్ వేసి సీల్ చేసే కంపెనీలు పీసీజీఎస్, ఎన్‌జీసీ, వాటి డబ్బాలకీ నకిలీలు వస్తున్నాయి, అసలు నంబరే కాపీ కొట్టి వేస్తున్నారు. నంబర్ ఆ కంపెనీ వెబ్‌సైట్‌లో దొరికిందని సరిపెట్టుకోకండి. అక్కడ ఫొటో ఉంటే తెరిచి, నాణెం మీద ఉన్న నొక్కులూ మచ్చలూ మీ చేతిలో ఉన్నదానితో ఒక్కొక్కటిగా సరిచూసుకోండి, ఆ తర్వాతే డబ్బులు పంపండి.