ఈల్డ్ పెరిగితే ద్రవ్యోల్బణం వచ్చేస్తున్నట్టేనా? కొన్ని అపోహలు, వాస్తవాలు

బాండ్ ఈల్డ్, అంటే బాండ్ మీద ఏడాదికి వచ్చే రాబడి శాతం, ఒక్కరోజులో పది బేసిస్ పాయింట్లు (0.1 శాతం) పెరిగిందంటే చాలు, నాకు ఫోన్లు మొదలవుతాయి. "ధరలు మండిపోబోతున్నాయట కదా, బాండ్లు అమ్మేసి బంగారం కొనేయమంటారా?" అని. ఇరవై ఏళ్లుగా బాండ్ డెస్క్ మీద పనిచేస్తున్నాను, ఇన్నిసార్లు ఎదురైన ప్రశ్న ఇంకొకటి లేదు. అడిగేవాళ్ల మీద నాకు విసుగు లేదు. దాచుకున్నది కరిగిపోతుందేమోనన్న భయం చిన్నదేం కాదు. ఒక చార్టు మీద ఎర్ర బాణం గీసి ఆ భయాన్ని ఫార్వర్డ్ చేసేవాళ్ల మీదే నా కోపమంతా.

అపోహ: ఈల్డ్ పెరిగిందంటే మార్కెట్ ద్రవ్యోల్బణాన్ని పసిగట్టినట్టే.

వాస్తవం: ఈల్డ్‌లో రెండు భాగాలున్నాయి. ఒకటి రియల్ ఈల్డ్, అంటే ధరల పెరుగుదల పోగా మిగిలే రాబడి. రెండోది ద్రవ్యోల్బణానికి మార్కెట్ అడిగే పరిహారం. పెరిగింది ఏదో ముందు తేల్చుకోవాలి. అమెరికాలో 1997 నుంచి ద్రవ్యోల్బణ సూచీతో ముడిపడ్డ టిప్స్ బాండ్లున్నాయి కాబట్టి అక్కడ లెక్క తేలిక. టిప్స్ ఈల్డే రియల్ ఈల్డ్. మామూలు పదేళ్ల బాండ్ ఈల్డ్‌లోంచి దాన్ని తీసేస్తే మిగిలేది బ్రేక్‌ఈవెన్, అంటే ఆ ద్రవ్యోల్బణ పరిహారం.

2022 చూడండి. ఏప్రిల్ మూడో వారంలో అక్కడి పదేళ్ల ఈల్డ్ 2.9 శాతం, బ్రేక్‌ఈవెన్ 3 శాతం దగ్గర ఉన్నాయి. అక్టోబర్‌కి ఈల్డ్ 4 శాతం దాటింది, బ్రేక్‌ఈవెన్ మాత్రం 2.5 దగ్గరికి దిగింది. పెరిగిందంతా రియల్ ఈల్డే. సున్నాకి కాస్త దిగువనున్నది ఒకటిన్నర శాతం పైకి వెళ్లింది. వడ్డీ రాని బంగారానికి ఇంతకంటే పెద్ద దెబ్బ లేదు. జూన్‌లో అమెరికా ద్రవ్యోల్బణం 9.1 శాతానికి చేరినా, మార్చిలో ఔన్సు 2,000 డాలర్లు దాటిన బంగారం అక్టోబర్ నాటికి 1,650 దిగువన కనిపించింది.

నాకు పిన్ని వరసయ్యే ఒక రిటైర్డ్ టీచరు ఆ మార్చిలోనే, ఏడాది చివర కాలం తీరాల్సిన బాండ్లను నష్టానికి అమ్మి బంగారంలో పెట్టారు. అక్టోబర్‌లో ఆపరేషన్ ఖర్చు కోసం ఆ బంగారం తెగనమ్మాల్సి వచ్చింది. బాండ్లు కదపకుండా ఉంచితే కొన్ని వారాల్లో అసలు పూర్తిగా చేతికొచ్చేది. అంతవరకూ నా దగ్గర చేబదులు తీసుకుంటే సరిపోయేది. "నిన్నొక్క మాట అడగాల్సింది నాయనా" అన్నారు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

బ్రేక్‌ఈవెన్‌నీ కళ్లు మూసుకుని నమ్మకండి. 2008 నవంబర్‌లో పదేళ్ల బ్రేక్‌ఈవెన్ సున్నా దరిదాపులకు పడిపోతే, పదేళ్లూ ధరలు పెరగవని మార్కెట్ చెబుతోందని నేనే నోట్ రాశాను. అది తప్పు. నగదు కోసం టిప్స్‌ని అయినకాడికి అమ్ముకుంటున్నవాళ్ల తొందర అందులో ఉంది; ధర పడి టిప్స్ ఈల్డ్ పెరిగితే బ్రేక్‌ఈవెన్ దానంతటదే కుంగుతుంది. 2020 మార్చిలో మళ్లీ అదే జరిగింది. అందరూ అమ్ముతున్న వారంలో ఆ అంకె నేను పట్టించుకోను.

అపోహ: చమురు ఎగబాకితే ద్రవ్యోల్బణం ఖాయం.

ధర ఎంత ఉందన్నది వేరు, ఎంత వేగంగా పెరుగుతోందన్నది వేరు. బ్యారెల్ 50 నుంచి 100 డాలర్లకు చేరి ఏడాదంతా అక్కడే నిలిస్తే, మరుసటి ఏడాది ద్రవ్యోల్బణం లెక్కలో దాని నేరుగా పడే వాటా సున్నా. 2008 జులైలో 147 డాలర్లు తాకిన చమురు డిసెంబర్‌కి 40 లోపు పడింది. అమెరికా వార్షిక ద్రవ్యోల్బణం ఆ జులైలో 5.6 శాతం, మరుసటి జులైలో మైనస్ 2.1.

అపోహ: ద్రవ్యోల్బణం ఉన్న దేశం కరెన్సీ పడి తీరుతుంది.

2022 సెప్టెంబర్‌లో, ప్రధాన కరెన్సీలతో డాలర్ విలువను కొలిచే డాలర్ ఇండెక్స్ ఇరవై ఏళ్ల గరిష్ఠంలో ఉంది, అప్పుడు అమెరికాలో ద్రవ్యోల్బణం 8 శాతం పైనే. అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడ్ మిగతావాళ్లకంటే వేగంగా వడ్డీ రేట్లు పెంచుతోంది, డబ్బు అటు పోయింది. కరెన్సీ చార్టు చూసేటప్పుడు పక్కన రెండు దేశాల రెండేళ్ల బాండ్ల ఈల్డ్‌ల తేడా కూడా పెట్టుకుని చూడండి.