"వయసు మీద పడింది కదండీ": పండుగ టిఫిన్ బల్లల దగ్గర విన్న అపోహలు, వాటి వెనుక వాస్తవాలు

మా పట్టణంలోని సేవా క్లబ్బు ఏటా ముక్కనుమ నాటి ఉదయం సభ్యులకూ, వారి ఇళ్లలోని పెద్దలకూ అల్పాహార సమావేశం ఏర్పాటు చేస్తుంది. పండుగకు వచ్చిన పిల్లలు ఇంకా ఊళ్లోనే ఉంటారు గనుక తల్లిదండ్రులను వెంటబెట్టుకుని వారూ వస్తారు. వృద్ధుల వైద్యం చేసేవాడిగా నన్ను అక్కడ పది నిమిషాలు మాట్లాడమంటారు కానీ, నిజానికి నాకు పనికివచ్చేవి ఆ తర్వాత టిఫిన్ బల్లల దగ్గర వినబడే మాటలు. కాళ్లు పట్టేసినా, కళ్లు తిరిగినా, మనవడి పేరు గుర్తుకు రాకపోయినా అందరూ చెప్పే కారణం ఒక్కటే: "వయసు మీద పడింది కదండీ." ఆ మాట అనుకుని ఊరుకున్నందువల్ల, సరిచేయదగిన జబ్బు ముదిరిపోయాక వచ్చేవారిని నేను ప్రతి వారం చూస్తుంటాను. ఈ ఏడాది అక్కడ విన్నవాటిలో కొన్నింటిని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: అరవై దాటాక కాళ్లలో బలం తగ్గడం సహజం, రోజూ నడుస్తున్నాం గనుక ఇంకేమీ అక్కర్లేదు.

వాస్తవం: ఇందులో కొంత నిజం ఉంది. ముప్పై దాటిన దగ్గర నుంచి ప్రతి పదేళ్లకు ఒంట్లోని కండ సుమారు 3 నుంచి 8 శాతం తరుగుతూ వస్తుంది, అరవై తర్వాత ఆ తరుగుదల వేగం పుంజుకుంటుంది. అయితే పని చెబితే కండ ఏ వయసులోనైనా బలపడుతుంది. 1990లో ప్రచురితమైన ఒక అమెరికా అధ్యయనంలో, సంరక్షణ కేంద్రంలో ఉంటున్న తొంభై ఏళ్ల బలహీనుల చేత ఎనిమిది వారాల పాటు తొడ కండరాలకు బరువుల వ్యాయామం చేయించగా, చివరిదాకా నిలిచిన తొమ్మిది మందిలో కాలి బలం సగటున 174 శాతం పెరిగింది.

ఈసారి ప్రసంగం మానేసి, చేతులు లేని కుర్చీలు వేయించి ఒక చిన్న పరీక్ష పెట్టాను. చేతులు ఛాతీ మీద కట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి నిలబడి మళ్లీ కూర్చోగలరో లెక్కపెట్టాలి. 70 నుంచి 74 ఏళ్ల వయసులో మగవారు 12 సార్లకన్నా, ఆడవారు 10 సార్లకన్నా తక్కువ లేస్తే, వారు పడిపోయే ప్రమాదం ఎక్కువని అర్థం. రోజూ నాలుగు కిలోమీటర్లు నడిచే విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు ఒకరు ఆరోసారికే చేయి మోకాలి మీదకు జార్చి, ఎనిమిదో సారికి కూలబడ్డారు. ఆయన పక్కన, వ్యాయామం అన్న మాటే ఎరుగనని చెప్పిన డెబ్బై మూడేళ్ల ఆవిడ పదమూడు సార్లు లేచింది. "ధనుర్మాసం నెల్లాళ్లూ గొంతుకూర్చుని ముగ్గులు పెట్టాను డాక్టర్ గారూ, అంతకుమించి ఏమీ చేయలేదు" అంది. మాస్టారి ముఖం చిన్నబోయింది.

నడక గుండెకు మంచిది, షుగరుకు మంచిది, దాన్ని మానవద్దు. కానీ సమతలం మీద నడిస్తే తొడ కండరానికి పెద్దగా భారం పడదు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవారికి వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమతో పాటు, రెండు రోజులు కండబలానికి, మూడు రోజులు తూలకుండా నిలదొక్కుకోవడానికి పనికొచ్చే వ్యాయామాలను కూడా సూచిస్తోంది. కుర్చీలోంచి లేచి కూర్చోవడం పదేసి చొప్పున రెండు మూడు విడతలు, వంటగట్టు పట్టుకుని మడమలు ఎత్తడం, అదే గట్టు దగ్గర ఒంటికాలి మీద నిలబడటం అందుకు సరిపోతాయి. మోకాళ్లు అరిగాయి గనుక కదపకూడదని అనుకునేవారికీ ఇదే సమాధానం, ఎందుకంటే మోకాలి కీలుకు ఆసరా తొడ కండరం, అది బలపడితే చాలామందికి నొప్పి తగ్గుతుంది.

అపోహ: పెద్దవారు తేలికగా తినాలి, రెండు ఇడ్లీలు చాలు.

వాస్తవం: అరుగుదల తగ్గిందన్న సాకుతో మన ఇళ్లలో పెద్దల కంచంలోంచి మొదట తప్పించేది పప్పు, గుడ్డు, మాంసం, చివరిదాకా మిగిలేది అన్నం, మజ్జిగ. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికి రోజుకు శరీర బరువులో ప్రతి కిలోకు 1 నుంచి 1.2 గ్రాముల మాంసకృత్తులు కావాలని వృద్ధుల పోషణను అధ్యయనం చేసిన నిపుణుల బృందాలు సూచిస్తున్నాయి. అంటే 60 కిలోల మనిషికి 60 నుంచి 72 గ్రాములు. ఒక ఇడ్లీలో సుమారు రెండు గ్రాములే ఉంటాయి గనుక రెండు ఇడ్లీలు, కొబ్బరి పచ్చడితో పొద్దు గడిస్తే మిగిలిన లోటును మధ్యాహ్నపు చారు అన్నం పూడ్చలేదు. అదే 50 గ్రాముల పెసలతో పోసిన పెసరట్లలో 11 గ్రాముల దాకా, ఒక గుడ్డులో 6 గ్రాములు, గ్లాసు పాలలో మరో 6 గ్రాములు వస్తాయి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం తమ వైద్యుడు చెప్పిన కొలతే పాటించాలి.

కనుమ నాడు మినుము కొరకాలన్న మాట పాటించి ఆ రోజు గారెలు చేసుకునే మనం, మిగతా రోజుల్లో పెద్దవారికి మినుము వాతమని ఎందుకు దూరం పెడతామో నాకు అర్థం కాదు. నూనెలో వేయించడం వద్దనుకుంటే ఆవిరి కుడుముగా పెట్టవచ్చు.

అపోహ: బెల్లంతో చేసిన అరిసెలైతే షుగర్ పెరగదు.

వాస్తవం: పెరుగుతుంది. బెల్లంలోనూ అత్యధిక భాగం చక్కెరే. ఒక అరిసె తినాలనిపిస్తే తినండి, కానీ దానికి మందు గుణం అంటగట్టకండి.

ఈ విషయంలో నన్ను ఎక్కువ భయపెట్టేది అరిసె కన్నా సభ నిర్వహించే వేళ. ఒక ఏడాది ఎనిమిదిన్నరకు జ్యోతి ప్రజ్వలన చేసి, ప్రార్థన, పరిచయాలు, నివేదికలు, పద్నాలుగు మందికి శాలువాలు పూర్తయ్యేసరికి పది దాటింది. ఏడున్నరకు షుగర్ తగ్గించే గ్లిమెపిరైడ్ మాత్ర వేసుకుని, ఏమీ తినకుండా కూర్చున్న ఒక పెద్దాయనకు ఒళ్లంతా చెమటలు పట్టి చేతులు వణికాయి. పక్కవాళ్లు "పెద్ద వయసు, ఇంతసేపు కూర్చోలేరు" అంటూ విసనకర్రతో విసురుతున్నారు. వేలు గుచ్చి చూస్తే రక్తంలో చక్కెర 52కి పడిపోయి ఉంది. మూడు చెంచాల పంచదార కలిపిన నీళ్లు తాగించి, పావుగంట తర్వాత మళ్లీ చూసి, టిఫిన్ పెట్టించాక ఆయన తేరుకున్నారు. ఈ రకం మాత్ర వేసుకునేవారు ఆహారం ముందుకు వచ్చాకే దాన్ని వేసుకోవాలి. స్పృహ తప్పినవారి నోట్లో మాత్రం ఏమీ పోయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

అపోహ: వయసుకు వంద కలిపితే ఎంత వస్తుందో అంత బీపీ ఉండవచ్చు.

వాస్తవం: ఆ లెక్క ఏనాడో చెల్లిపోయింది. పై అంకె 160కి మించిన, 80 ఏళ్లు పైబడిన వారి మీద జరిగి 2008లో వెలువడిన పరిశోధనలో, మందులు వాడినవారిలో మరణాలు 21 శాతం, గుండె వైఫల్యం 64 శాతం తగ్గాయి. లేచి నిలబడగానే కళ్లు తిరిగేవారు ఆ సంగతి వైద్యుడికి చెబితే, నిలబెట్టి కూడా బీపీ చూసి మోతాదు మారుస్తారు.

అపోహ: పెద్దవారికి మతిమరుపు, చాదస్తం మామూలే.

వాస్తవం: 2023లో ప్రచురితమైన జాతీయ అంచనా ప్రకారం మన దేశంలో 60 దాటినవారిలో డిమెన్షియా (జ్ఞాపకశక్తినీ, ఆలోచననూ దెబ్బతీసే జబ్బు) ఉన్నది సుమారు 7.4 శాతం మందికి. అంటే నూటికి తొంభై మందికి పైగా అది లేనే లేదు. అలాంటప్పుడు దాన్ని మామూలని ఎలా అనగలం? కళ్లజోడు ఎక్కడ పెట్టామో వెతుక్కోవడం వేరు, తెలిసిన వీధిలో ఇంటికి దారి తప్పడం వేరు. రెండోది కనబడితే పరీక్ష చేయించాలి, ఎందుకంటే బి12 లోపం, థైరాయిడ్ మందగించడం, కుంగుబాటు కూడా అచ్చం మతిమరుపులాగే కనబడతాయి, వాటికి చికిత్స ఉంది. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వాడుతున్నవారిలో బి12 తగ్గే అవకాశం ఎక్కువ.

లాన్సెట్ వైద్య పత్రిక ఏర్పాటు చేసిన నిపుణుల కమిషన్ 2024లో డిమెన్షియాకు దారితీసే 14 కారణాలను పేర్కొని, వాటిని జీవితం పొడుగునా అదుపు చేస్తే దాదాపు 45 శాతం కేసులను నివారించడమో, వాయిదా వేయడమో సాధ్యం కావచ్చని అంచనా వేసింది. నలుగురితో కలవకపోవడం వాటిలో ఒకటి కాబట్టి ఈ క్లబ్బు సమావేశాలను కాలక్షేపమని కొట్టిపారేసే కోడళ్లూ కొడుకులూ కాస్త ఆలోచించాలి. వినికిడి తగ్గడం ఇంకొకటి.

ముక్కనుమ నాడు ఒక అబ్బాయి తన తండ్రిని చూపించి, "నాన్నగారికి చాదస్తం మొదలైందండీ, ఒకటి అడిగితే ఇంకొకటి చెబుతున్నారు" అన్నాడు. ఆయనను కూర్చోబెట్టింది లౌడ్‌స్పీకర్ పెట్టె పక్కన. వరండాలోకి తీసుకెళ్లి, ఎదురుగా కూర్చుని, గొంతు పెంచకుండా నిదానంగా అడిగితే, మూడు పంటల లెక్క, ఇద్దరు మనవల చదువుల ఖర్చుతో సహా తడబడకుండా చెప్పారు. తర్వాత చూస్తే రెండు చెవుల్లోనూ గుబిలి గడ్డకట్టి ఉంది, అది తీశాక చేసిన పరీక్షలో వినికిడి లోపం కూడా బయటపడింది.

1925లో చూపు లేని అమెరికా రచయిత్రి హెలెన్ కెల్లర్ లయన్స్ క్లబ్బుల సభలో నిలబడి అంధుల కోసం పనిచేయమని కోరినప్పటి నుంచి సేవా క్లబ్బులకు కంటి సేవ ఒక గుర్తింపుగా నిలిచింది. మన పల్లెల్లో శుక్లాల శిబిరాలు అందరికీ తెలిసినవే. ఆవిడకు చెవులు కూడా వినబడవన్న సంగతిని మనం అంతగా పట్టించుకోలేదు. ఈ మాట అన్నప్పుడు మా కార్యదర్శి గారు డైరీ తీసి, వచ్చే శిబిరంలో చెవి పరీక్ష కూడా పెట్టాలని రాసుకున్నారు. ఆ చెమటల సంఘటన తర్వాత టిఫిన్ ఎనిమిదింటికే వడ్డిస్తున్నారు. శాలువాల సంఖ్య తగ్గించడానికి మాత్రం ఆయన ఇంకా ఒప్పుకోలేదు.