క్రాన్‌బెర్రీ తోటలో చలికాలం పనులు: అపోహలు - వాస్తవాలు

విస్కాన్సిన్‌లో క్రాన్‌బెర్రీ (పుల్లటి చిన్న ఎర్ర కాయ) తోటలో పని చేస్తానంటే, ఇక్కడ క్రాన్‌బెర్రీ పప్పు, పులిహోర అలవాటైన మనవాళ్లు కూడా అడిగేది ఒకటే: "అక్టోబర్‌తో కోతలైపోతాయి కదా, ఆ మంచులో ఇంకేం పని?" అమెరికా క్రాన్‌బెర్రీల్లో సగానికి పైగా పండేది ఈ రాష్ట్రంలోనే. చలికాలంలో తీగను కాపాడుకోలేకపోతే మరుసటి ఏడు కోయడానికి కాయే ఉండదు.

అపోహ: క్రాన్‌బెర్రీ వరిలాగా నీళ్లలోనే పెరుగుతుంది.

వాస్తవం: కోతల ఫొటోలు చూసి అలా అనుకుంటారు. ఇది ఇసుక నేల మీద పాకే తీగ. కాయలోపల గాలి గదులు ఉండటంతో నీళ్లలో తేలుతుంది కాబట్టి, కోతప్పుడు మడి నింపి, తర్వాత తీసేస్తాం. చలి ముదిరి నేల గడ్డకట్టే వేళ, సాధారణంగా డిసెంబర్‌లో, మళ్లీ నింపుతాం.

అపోహ: ఐసులో కూరుకుపోతే తీగ చచ్చిపోతుంది.

వాస్తవం: ఐసు లేకపోతేనే చస్తుంది. చలికాలంలోనూ దీని ఆకు రాలదు. నేల గడ్డకట్టాక వేరు నీళ్లు తాగలేదు. పైన పొడి గాలి మాత్రం ఆకులోని తడిని లాగేస్తూనే ఉంటుంది. అలా తీగ ఎండిపోతుంది. పైగా వచ్చే ఏడాది పూతకు మొగ్గ ఈ వేసవి చివరికే తీగ కొసన కట్టేసి ఉంటుంది. బయట మైనస్ 30 డిగ్రీలున్నా ఐసు లోపల అంత చలి ఉండదు, గాలి తగలదు. అందుకే తూము దగ్గర కాపలా కాస్తూ, కొద్దికొద్దిగా నీళ్లు వదిలి, పొర మీద పొర గడ్డకట్టనిస్తాం. తీగ పూర్తిగా మునిగే దాకా అంతే.

అపోహ: ఐసు మీద ఇసుక చల్లేది బండ్లు జారకుండా.

వాస్తవం: ఆ ఇసుక తీగ కోసం. 1816 ప్రాంతంలో మసాచుసెట్స్‌లోని డెన్నిస్‌లో హెన్రీ హాల్ అనే ఆయన, గాలికి ఇసుక కొట్టుకొచ్చి పడిన చోట తీగలు బాగా కాయడం గమనించారు. ఇప్పటికీ మేం చేస్తున్నది అదే. మూడు నుంచి ఐదేళ్లకోసారి, లారీ బరువు మోసేంత మందంగా ఐసు కట్టాక, అర అంగుళం నుంచి అంగుళం దాకా పరుస్తాం. ఎకరానికి అంగుళం అంటే సుమారు 100 ఘనపు మీటర్లు! వసంతంలో ఐసు కరిగితే ఇసుక నెమ్మదిగా తీగల మధ్యకు దిగుతుంది. కప్పబడిన కాండం కొత్త వేర్లు వేస్తుంది, నిటారుగా కొత్త కొమ్మలు లేస్తాయి, కొన్ని పురుగులు కిందే సమాధి అయిపోతాయి. మందం ఎక్కువైతే మాత్రం దిగుబడి పడిపోతుంది. నా దృష్టిలో ఈ తోటలో ఇంతకన్నా ఓర్పు కావలసిన పని లేదు. ముందు ఐసు మందం కొలవకుండా బండి ఎక్కించడం ప్రాణాలతో చెలగాటం.

అపోహ: ఐసు కట్టాక వసంతం దాకా నిశ్చింత.

వాస్తవం: మాకు అసలు టెన్షన్ అప్పుడే. ఐసు మీద మంచు దట్టంగా పడితే లోపలికి వెలుతురు పోదు. అడుగున నీళ్లు మిగిలి ఉంటే వాటిలో ఆక్సిజన్ తగ్గిపోతుంది, వసంతంలో ఆకు రాలుతుంది. అందుకే గట్టిగా ఐసు కట్టాక అడుగు నీళ్లు తీసేస్తాం. జనవరిలో వాన పడినా, ఐసు కరిగి తీగ బయటపడినా మళ్లీ తూము దగ్గరికి పరుగే.

ఇంకొకటి: ఐసు కిందినుంచి ముదురు ఎరుపు రంగులో కనిపించే తీగను చూసి చచ్చిపోయిందనుకుంటారు. అది నిద్రలో ఉన్న తీగ రంగు. ఎండ ముదిరాక ఆ ఆకే మళ్లీ పచ్చబడుతుంది.