ఒంటరిగా పెరిగిన మెదడు, మత్తు, డోపమైన్: అపోహలు - వాస్తవాలు

చిన్నప్పటి ఒంటరితనం మెదడును మత్తువైపు మొగ్గేలా చేస్తుందన్న మాటకు ఆధారం ఉంది. అయితే అందులో ఎక్కువ భాగం ఎలుకల మీద చేసిన పని. పాలు మాన్పించే 21వ రోజున పిల్లను తోబుట్టువుల నుంచి విడదీసి, ఒక్కదాన్నే పంజరంలో పెట్టి, సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాలు పెంచుతారు. పక్క పంజరాల్లోని ఎలుకలు దానికి కనిపిస్తాయి, వినిపిస్తాయి, వాటి వాసనా తెలుస్తుంది. లేనిదల్లా ఒళ్లూ ఒళ్లూ తగలడం, కలబడి ఆడుకోవడం. దీన్ని చీకటి గదిలో బంధించడంలా ఊహించుకుంటే ఆ తర్వాత చదివేదంతా తప్పుగానే అర్థమవుతుంది.

అపోహ: ఒంటరితనం ఏ వయసులో వచ్చినా ఫలితం ఒకటే.

వాస్తవం: మూడు వేర్వేరు ప్రయోగాలను ఒకే గాటన కట్టడం వల్ల వచ్చిన గందరగోళమిది. పుట్టిన మొదటి రెండు వారాల్లో రోజూ మూడు గంటలు తల్లి నుంచి వేరుచేయడం ఒక ప్రయోగం. పాలు మానాక తోటివాళ్ల నుంచి వేరుచేయడం ఇంకొకటి. పెరిగిన ఎలుకను ఒంటరిగా ఉంచడం మరొకటి. మత్తు విషయంలో గట్టి ఫలితాలు వచ్చింది రెండో దానిలో. 2013లో 'న్యూరాన్' పత్రికలో వచ్చిన అధ్యయనం ఈ కీలక కాలాన్ని 21 నుంచి 42వ రోజు వరకు అని గుర్తించింది. ఎలుక పిల్లల కుస్తీ ఆటలు పతాక స్థాయికి చేరేదీ ఆ రోజుల్లోనే.

అపోహ: ఒంటరిగా పెరిగితే డోపమైన్ (మెదడు కణాల మధ్య సందేశాలు మోసే రసాయనం) తగ్గిపోతుంది, ఆ లోటు పూడ్చుకోవడానికే మత్తు.

వాస్తవం: వినడానికి బాగుంటుంది, కొలతలతో మాత్రం పొసగదు. మెదడు లోపల కోరికతో ముడిపడిన న్యూక్లియస్ అక్యూంబెన్స్ అనే భాగంలో సన్నటి గొట్టం దించి అక్కడి ద్రవాన్ని పరీక్షిస్తే (దీన్నే మైక్రోడయాలిసిస్ అంటారు), ఉత్తేజపరిచే మత్తుమందులైన యాంఫెటమిన్ లేదా కొకైన్ ఇచ్చినప్పుడు ఒంటరి ఎలుకల్లో డోపమైన్ పెరుగుదల గుంపులో పెరిగినవాటికంటే ఎక్కువగా ఉందని పలు ప్రయోగశాలలు చూపాయి. సన్నటి పోగుకు వోల్టేజీ ఇచ్చి డోపమైన్‌ను కొలిచే వోల్టామెట్రీతో చూస్తే విద్యుత్ తాకిడికి విడుదలయ్యే డోపమైనూ ఎక్కువే, దాన్ని తిరిగి లోపలికి లాగేసుకునే వేగమూ ఎక్కువే. అలా లాగేసుకునే ప్రొటీన్‌ను ట్రాన్స్‌పోర్టర్ అంటారు; యాంఫెటమిన్ పనిచేసేది దాని మీదే. మందు ప్రభావం ఎందుకు పెరుగుతుందన్న దానికి ఒక జవాబు అక్కడుంది.

ఇక్కడ పరికరాల సంగతి కాస్త చెప్పాలి, పొరపాట్లు ఎక్కువగా పుట్టేది ఇక్కడే. మైక్రోడయాలిసిస్‌లో ఒక్కో నమూనా చేరడానికి సాధారణంగా పది, ఇరవై నిమిషాలు పడుతుంది. అప్పటి సగటు స్థాయి తెలుస్తుంది తప్ప క్షణాల్లో వచ్చిపోయే పోటు కనిపించదు. వేగపు వోల్టామెట్రీలో సన్నటి కార్బన్ పోగు మీద వోల్టేజీని సెకనుకు పదిసార్లు పైకీ కిందికీ తిప్పుతారు. నేపథ్య విద్యుత్తును తీసేసి చూస్తారు కాబట్టి మార్పు మాత్రమే తెలుస్తుంది, మూల స్థాయి తెలియదు. అందుకే వోల్టామెట్రీ పటం చూపించి "డోపమైన్ స్థాయి తక్కువ" అని ఎవరైనా రాస్తే, ఆ పరికరం చెప్పని మాటను దాని నోట్లో పెట్టారన్నమాట. పైగా మెదడంతా ఒకేలా మారదు. అక్యూంబెన్స్‌లో స్పందన పెరిగినట్టు కనిపించే ఎలుకల్లోనే ముందరి వల్కలంలో (మెదడు ముందుభాగపు పై పొరలో) డోపమైన్ వినియోగం తగ్గినట్టు పలు అధ్యయనాల్లో కనిపించింది.

అపోహ: అయితే ఒంటరి ఎలుకకు మత్తులో ఆనందం ఎక్కువన్నమాట.

వాస్తవం: డోపమైన్‌ను దాదాపు పూర్తిగా పోగొట్టిన ఎలుక కూడా తీపి నాలుకకు తగిలితే ఇష్టంగా మూతి నాక్కుంటుంది. డోపమైన్ పని ఆనందాన్నివ్వడం కంటే కోరికను రగిలించడం, ఫలానా చోట ఫలానాది దొరికిందని నేర్పించడం. పైన చెప్పిన 2013 అధ్యయనం ప్రధానంగా చూపిందీ అదే. డోపమైన్ కణాలుండే వీటీఏ అనే మధ్యమెదడు ప్రాంతంలో, గ్లుటమేట్ అనే మరో రసాయనపు సందేశాలను అందుకునే ఎన్‌ఎండీఏ గ్రాహకాల దగ్గర సినాప్సులు (నాడీకణాల మధ్య అతుకులు) బలపడే గుణం ఒంటరి ఎలుకల్లో పెరిగింది. యాంఫెటమిన్, ఆల్కహాల్ దొరికిన గదిని అవి త్వరగా గుర్తుపెట్టుకున్నాయి. యాంఫెటమిన్ గది జ్ఞాపకమైతే చెరిపేయడానికీ లొంగలేదు. మా లెక్కలో ఈ రంగం మొత్తంలో ముఖ్యమైన విషయమిదే: ఒంటరితనం మత్తు తీపిని పెంచుతుందో లేదో గానీ, మత్తు చుట్టూ అల్లుకునే నేర్పును మాత్రం గట్టిపరుస్తుంది.

అపోహ: ఏ మందుకైనా, ఏ పరీక్షలోనైనా ఒంటరి ఎలుకే ముందుంటుంది.

వాస్తవం: లేదు. 1990ల్లో వచ్చిన కొన్ని అధ్యయనాల్లో ఒంటరి ఎలుకలు యాంఫెటమిన్ గదిని గానీ మార్ఫిన్ గదిని గానీ ప్రత్యేకంగా ఇష్టపడలేదు. 2013 ఫలితానికి అది దాదాపు ఎదురు. ఎలుక జాతి, మోతాదు, జత కలిపిన సార్లు, పంజరం మార్చేటప్పుడు ఎంతగా చేత్తో తాకారన్నది, అన్నీ ఫలితాన్ని అటూ ఇటూ తిప్పగలవు.

గది పరీక్ష తీరు ఇది. నేల గరుకుదనం, గోడల రంగు వేరుగా ఉన్న రెండు గదులు. ముందు మందేమీ లేకుండా తిరగనిచ్చి సహజంగా ఎటు మొగ్గుతుందో చూడాలి. తర్వాత ఒక గదిలో మందు, మరో గదిలో సెలైన్, మార్చి మార్చి. చివరి రోజు మందు లేకుండా రెండు తలుపులూ తీసి, ఎక్కడ ఎంతసేపు ఉందో లెక్కపెట్టాలి. చిక్కేమిటంటే ఒంటరిగా పెరిగిన ఎలుక కొత్త చోట కుదురుగా ఉండదు, ఊరికే తిరుగుతూనే ఉంటుంది. ముందు ఆ పెట్టెకు అలవాటు చేయకపోతే వాపును చూసి బలుపు అనుకున్నట్టే అవుతుంది. మీట నొక్కి మందు తీసుకునే పరీక్షలోనూ ఇదే గొడవ. అందుకే మందు రాని రెండో మీటను కూడా పెట్టి, దాన్ని ఎన్నిసార్లు నొక్కిందో చూడాలి. రెండింటి మీదా నొక్కుళ్లు పెరిగితే అది మత్తు మీద ఆశ కాదు, ఒట్టి హడావుడి. ఒకే ఒక్క మోతాదుతో సరిపెట్టకూడదు కూడా. మోతాదు పెరిగేకొద్దీ నొక్కుళ్లు పెరిగి తర్వాత తగ్గుతాయి కాబట్టి, ఒక్క బిందువు చూసి ఎటువైపు వాలులో ఉన్నామో చెప్పలేం. ఒకే ఈతలోని పిల్లలన్నింటినీ ఒకే గుంపులో వేసి విడివిడి నమూనాలుగా లెక్కించడం మరో పాత జబ్బు.

అపోహ: తోడుంటే ఎలుక మార్ఫిన్ ముట్టదని 'ర్యాట్ పార్క్' తేల్చేసింది.

వాస్తవం: 1970ల చివర్లో కెనడాలోని సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయంలో బ్రూస్ అలెగ్జాండర్ బృందం చేసిన పని అది. విశాలమైన ఆవరణలో గుంపుగా ఉన్న ఎలుకలు, పంజరంలో ఒంటరిగా ఉన్నవాటికంటే, చక్కెర కలిపిన మార్ఫిన్ ద్రావణాన్ని తక్కువగా తాగాయి. మందు సంగతి ఎంతో, పరిసరాల సంగతీ అంత ముఖ్యమని గుర్తుచేసిన విలువైన పని. కానీ ఆవరణకూ పంజరానికీ తేడా తోడు ఒక్కటే కాదు: స్థలం, ఆటవస్తువులు కూడా. తాగిన మొత్తాన్ని కొలిచిన పద్ధతి కూడా రెండుచోట్లా ఒకటి కాదు. 1996లో మళ్లీ చేసి చూస్తే అదే ఫలితం రాలేదు. సరిగ్గా తేల్చాలంటే ఒంటరి, జంట, ఆటవస్తువులున్న గుంపు, ఇలా కనీసం మూడు వర్గాలు కావాలి. మధ్యది లేకపోతే ఒంటరితనం చెడు చేసిందా, సందడి మేలు చేసిందా అన్నది చెప్పడం కుదరదు.

అపోహ: మళ్లీ గుంపులో వదిలితే అంతా సర్దుకుంటుంది.

వాస్తవం: వీటీఏలోని ఆ మార్పు 42వ రోజు తర్వాత గుంపులో కలిపినా పోలేదు. 2012లో 'సైన్స్'లో వచ్చిన చుంచెలుకల అధ్యయనంలో, పాలు మానాక రెండు వారాలు ఒంటరిగా ఉంచితే ముందరి వల్కలంలో నాడీ పోగులను చుట్టుకునే మైలిన్ పొర సరిగా ఏర్పడలేదు. తర్వాత కలిపినా కోలుకోలేదు. అలాగని అంతా చేయిదాటిపోయినట్టూ కాదు. ఒంటరిగా పెంచే కాలంలోనే రోజుకు ఒక గంట తోటివాటితో ఆడుకోనిస్తే ప్రవర్తనలోని చాలా తేడాలు తగ్గుతాయని 1970ల్లోనే చూపారు. 2018లో అమెరికా ప్రభుత్వ మాదకద్రవ్య పరిశోధన సంస్థ నైడాలోని ప్రయోగశాల చేసిన పనిలో మెత్‌యాంఫెటమిన్‌కు, హెరాయిన్‌కు అలవాటుపడిన ఎలుకలు కూడా మందు మీట, తోటి ఎలుక తలుపు పక్కపక్కన పెడితే దాదాపు ఎప్పుడూ తలుపునే ఎంచుకున్నాయి. తలుపు తెరుచుకోవడం ఆలస్యమైనా, తోడుతో పాటు షాక్ తగిలినా మళ్లీ మందుకు మళ్లాయి.

అపోహ: మనుషుల్లోనూ ఇదంతా రుజువైపోయింది.

వాస్తవం: పిల్లల్ని ప్రయోగం కోసం ఒంటరిగా పెంచలేం. ఉన్నవి పక్కదారి సాక్ష్యాలు. 2020లో అచ్చయిన ఒక అధ్యయనంలో 40 మంది పెద్దవాళ్లను పది గంటలు ఎవరితోనూ కలవనివ్వలేదు. తర్వాత మనుషులు కలిసి ఉన్న బొమ్మలు చూపితే, ఉపవాసం తర్వాత తిండి బొమ్మలకు స్పందించినట్టే మధ్యమెదడు స్పందించింది. అది ఒక్కరోజు ఆకలి, బాల్యమంతటి ఒంటరితనం కాదు. 2000లో మొదలైన బుకారెస్ట్ అధ్యయనంలో అనాథాశ్రమాల్లోని 136 మంది పిల్లల్లో లాటరీ పద్ధతిలో కొందరిని పెంపుడు కుటుంబాలకు పంపారు. రెండేళ్లలోపు వెళ్లినవాళ్లకు తెలివితేటల పరీక్షల్లో ఎక్కువ మేలు కనిపించింది. ఆ పిల్లలకు లేకుండాపోయింది ప్రధానంగా పెద్దవాళ్ల ఆలనాపాలనా. ఎలుక పిల్లకు లేకుండాపోయింది తోటివాళ్లతో ఆట. ఆ ఫలితాన్ని మత్తు విషయంలో రుజువుగా వాడడం కుదరదు.