అతివాహక కంప్యూటర్‌కు మెమరీయే ఎందుకు అడ్డుపడింది?

బాగా చల్లబరిస్తే ఏ నిరోధమూ లేకుండా కరెంటును పోనిచ్చే పదార్థాలు అతివాహకాలు (సూపర్‌కండక్టర్లు). వాటితో చేసిన సర్క్యూట్ల ప్రస్తావన రాగానే అందరూ వేగం గురించే మాట్లాడతారు. ఆ వేగం నిజమే. 1999లో నియోబియం లోహంతో చేసిన ఒక చిన్న డివైడర్ సర్క్యూట్ (సిగ్నల్ పౌనఃపున్యాన్ని సగం చేసేది) 770 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేసింది. అయినా ఈ సర్క్యూట్లతో సిలికాన్‌కు పోటీ వచ్చే కంప్యూటర్ ఇప్పటికీ తయారు కాలేదు. (క్వాంటమ్ కంప్యూటర్ల దారి వేరు.) లెక్కలు చేసే భాగం ఎప్పుడో సిద్ధమైంది, దానికి తగ్గ మెమరీయే దొరకలేదు.

మొదట్లో ఇది సమస్యే కాదనిపించింది. అతివాహక లూపులో ఒకసారి కరెంటు ప్రవాహం మొదలైతే, చల్లగా ఉన్నంతకాలం అది తగ్గదు. ఒక దిశలో తిరిగితే 1, ఎదురు దిశలో తిరిగితే 0. బిట్‌ను నిలిపి ఉంచడానికి ఆ లూపు కరెంటేమీ తినదు. చల్లదనానికయ్యే ఖర్చు మాత్రం తప్పదు.

ఎంఐటీలో డడ్లీ బక్ 1956లో ప్రకటించిన క్రయోట్రాన్ ఈ దారిలో తొలి స్విచ్. టాంటలం తీగ చుట్టూ నియోబియం తీగను చుట్టి, ద్రవ హీలియంలో 4.2 కెల్విన్ దగ్గర ఉంచుతారు. పై చుట్టలో కరెంటు పంపితే పుట్టే అయస్కాంత క్షేత్రం లోపలి టాంటలం అతివాహకతను పోగొడుతుంది. ఆలోచన అందమైనదే, కానీ స్విచ్ నెమ్మది. బక్ 1959లో, 32 ఏళ్లకే చనిపోయాడు. ఆలోగా ట్రాన్సిస్టర్ ముందుకు సాగిపోయింది.

1962లో కేంబ్రిడ్జి విద్యార్థి బ్రయాన్ జోసెఫ్‌సన్ ఊహించిన జంక్షన్ (రెండు అతివాహకాల మధ్య పలుచని అడ్డుపొర ఉండే అతుకు) మళ్లీ ఆశ రేపింది. దాన్ని లూపులో పెడితే రాయడం, చదవడం రెండూ కుదురుతాయి. రాయాలంటే అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి రెండు లైన్లలో కరెంటు పంపాలి. రెండూ కలిసే సెల్‌లో మాత్రమే జంక్షన్ తాను నిరోధం లేకుండా మోయగల కరెంటు హద్దు దాటి, అయస్కాంత ఫ్లక్స్‌ను (లూపు గుండా పోయే అయస్కాంత క్షేత్రం మొత్తాన్ని) లూపులోకి వదులుతుంది. చదవడానికి పక్కనే మరో జంక్షన్ ఉంటుంది. లూపులో ప్రవాహం ఏ దిశలో ఉందో దాన్నిబట్టి ఆ జంక్షన్ హద్దు మారుతుంది, హద్దునుబట్టి వోల్టేజీ పుట్టడమో పుట్టకపోవడమో జరుగుతుంది. బిట్ చెరగదు.

ఐబీఎం దీనిమీద ఏళ్ల తరబడి పనిచేసి 1983లో ప్రాజెక్టును ఆపేసింది. వేగవంతమైన మెమరీ చిప్ అనుకున్నట్టు రాకపోవడం అందుకు ముఖ్య కారణం. జపాన్ కొనసాగించింది. అక్కడి ఎలక్ట్రోటెక్నికల్ లేబొరేటరీ నాలుగు బిట్ల కంప్యూటర్ నిర్మించింది. అక్కడి ఎన్‌ఈసీ కంపెనీ 1990లలో 4 కిలోబిట్ల మెమరీ చేసింది. అప్పటికే సిలికాన్ చిప్పులు మెగాబిట్లలో ఉన్నాయి.

ఇంత తేడాకు నైపుణ్యం లోపమే కారణమంటే నేను ఒప్పుకోను. అడ్డుగా నిలిచింది ప్రకృతి స్థిరాంకం. లూపులో కనీసం ఒక ఫ్లక్స్ క్వాంటమ్ (అతివాహక లూపులో ఉండగల ఫ్లక్స్‌లో కనీస మోతాదు) పట్టాలి, అంటే 2.07×10⁻¹⁵ వెబర్. ప్రవాహం 100 మైక్రోఆంపియర్లైతే ఇండక్టెన్స్ (ఒక్కో ఆంపియర్‌కు లూపు ఎంత ఫ్లక్స్ పట్టగలదో చెప్పే కొలత) దాదాపు 20 పికోహెన్రీలు కావాలి. మామూలు అతివాహక తీగలో అంత ఇండక్టెన్స్ రావాలంటే తీగకు మైక్రాన్ల పొడవు తప్పదు. ప్రవాహం పెంచితే లూపు చిన్నదవుతుంది గానీ, అంత కరెంటు మోయడానికి జంక్షన్, లైన్లు పెద్దవవుతాయి. ట్రాన్సిస్టర్‌కు ఇలాంటి సంకెల లేదు, ఏటేటా కుంచించుకుపోయింది.

1985లో మాస్కోలో భౌతిక శాస్త్రవేత్త లిఖరెవ్ బృందం ప్రతిపాదించిన పల్స్ లాజిక్ (బిట్లను చిన్న వోల్టేజీ పల్స్‌లుగా పంపే పద్ధతి) లెక్కల వేగాన్ని ఎంతో పెంచింది. వరుసగా జరిగే బిట్లకు అది చక్కగా సరిపోయింది. ఏ చిరునామాలోని బిట్‌నైనా నేరుగా అందుకోవాలంటే మాత్రం ఆ బలహీనమైన పల్స్‌లు పొడవాటి లైన్లను నడపలేకపోయాయి.

2014లో అమెరికా గూఢచార విభాగాల పరిశోధన సంస్థ ఐఆర్పా తన అతివాహక కంప్యూటింగ్ కార్యక్రమంలో మెమరీని ప్రత్యేక అంశంగా విడదీయడం నా దృష్టిలో సరైన నిర్ణయం. అక్కడ బలం పుంజుకున్న ఒక మార్గం, జంక్షన్ మధ్యలో అయస్కాంత పొర పెట్టి దాని దిశలో బిట్ దాచడం. చదవడం వేగంగానే జరుగుతుంది, కానీ పొర దిశ తిప్పి రాయడానికి ఎక్కువ కరెంటు కావాలి.

సన్నని నానోవైర్లది మరో మార్గం. వాటి ఇండక్టెన్స్‌లో అధిక భాగం అతివాహకంలో కరెంటు మోసే ఎలక్ట్రాన్ జంటల జడత్వం నుంచి వస్తుంది, కాబట్టి లూపు చాలా చిన్నదైనా సరిపోతుంది. అయితే రాయాలంటే తీగలో ఒకచోట అతివాహకతను కాసేపు పోగొట్టాలి, అక్కడ వేడి పుడుతుంది. ఆ చోటు చల్లారితేనే తర్వాతి బిట్ రాయగలం. ఇప్పుడు ఆ సమయాన్ని తగ్గించడం మీదే పని సాగాలి.