సంచి లేని పది రోజులు

విశాఖపట్నం.

చిరంజీవులిద్దరికీ తాతయ్య ఆశీస్సులు.

పుస్తకాల సంచి లేకుండా బడికి రమ్మన్న పది రోజులనూ మీరు సెలవుల కిందే జమ వేసుకున్నారని మీ అమ్మ ఫోనులో చెప్పింది. అందుకే ఈ ఉత్తరం.

6 నుంచి 8 తరగతుల మధ్య ప్రతి విద్యార్థీ ఎప్పుడో ఒకప్పుడు ఇలా సంచి లేకుండా పది రోజుల పాటు వడ్రంగి, తోటమాలి, కుమ్మరి వంటి స్థానిక పనివారి దగ్గర పని నేర్చుకోవాలని 2020 నాటి జాతీయ విద్యా విధానం చెప్పింది. ఇది కొత్త ఆలోచన కాదు. చదువులో పని అనుభవం ఉండాలని 1964-66 నాటి కొఠారీ కమిషన్ కోరింది. బడిలో నేర్చేది బడి బయటి జీవితంతో ముడిపడాలన్నది 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం పెట్టుకున్న సూత్రాల్లో మొదటిది. అయినా తరగతి గదిలోకి ఎందుకు రాలేదంటే, నా సంగతే చెబుతాను: చేతిపనుల పీరియడును లాక్కుని, పదో తరగతి పిల్లల చేత పాత ప్రశ్నపత్రాలు చేయించిన లెక్కల మాస్టారిని నేనే.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, చేపలు గుడ్లు పెట్టే కాలమని మన తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధిస్తారు. ఈ ఏడు ఆ రోజుల్లో ఫిషింగ్ హార్బరు వైపు నడిచి వెళితే, పడవ నీడన ఒక పెద్దాయన వల బాగుచేస్తూ కనిపించారు. ప్రతి ముడికీ వెదురుబద్దను అడ్డుపెట్టి, దారం చుట్టిన చెక్క సూదిని దూర్చి లాగుతున్నారు. బద్ద వెడల్పే వల కన్నుకు కొలత. చిన్న కన్ను పిల్ల చేపను కూడా వదలదు కదా, అన్నారాయన. వలను చేత్తో లాగి చూపించారు. లాగేకొద్దీ కన్ను సన్నబడింది. నలభై ఏళ్లు నల్లబల్ల మీద గీసిన సమచతుర్భుజం అది: భుజాలు మారవు, ఒక కర్ణం పెరిగి మరొకటి తరుగుతుంది, వైశాల్యం ఆ రెంటి లబ్ధంలో సగం. సముద్రంలో పడవ లాగే వలకూ అదే జరుగుతుందని, పెద్ద కన్నులోంచి కూడా పిల్ల చేప తప్పించుకోలేకపోయేది అందుకేనని నాకు అప్పుడు తోచింది.

మీ వంతు వచ్చినప్పుడు హార్బరుకు తీసుకెళ్లమని మీ మాస్టారిని అడగండి. నేల తడిగా ఉంటుంది, పాత చెప్పులు వేసుకోండి. ఫోటోల కోసం కాకుండా, ఆ చెక్క సూది ఒకసారి చేతికిమ్మని అడగండి. నేను అల్లిన మొదటి కన్ను పక్కదానికి రెండింతలు వచ్చింది. ఆయన నవ్వలేదు, ముడి విప్పి సూది మళ్లీ నా చేతికే ఇచ్చారు.

మీ తాతయ్య